ఇరవై నాలుగో నంబరు వైరు

"నాలుగు గంటలకి వీణ్ణి తీసుకుపోతాను గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈలోగా మీ ఇష్టమొచ్చినట్టు వెతుక్కోండి. ఆసుపత్రి దగ్గర కాపలా పెట్టిన మనిషిని కూడా ఇటే పిలిపించాను. వీడు దొడ్డిదారిన జారుకుంటే మీ నడకకి అందడు కదా."

గురువుగారూ అన్న పిలుపులో గౌరవం పాలు తక్కువ. ఇన్‌స్పెక్టర్ కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పింది ఇతనే. తర్వాత ఇతను ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నాడు. ఏ పనీ తొందరపడి చెయ్యడు కాబట్టి అందరూ నిదానం అంటారు. మొదట వెక్కిరింపుగా అన్నారు. పోనుపోను అదే పేరయింది.

ఇవాళ ఆ పేరు అతనికే ఇబ్బందిగా ఉంది. నాటకశాల గోడ గడియారంలో రెండున్నర దాటింది.

జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. ఆ రంగస్థలం నడిమధ్యలో ఒక లిఫ్టు ఉంది. నటులు నేలలోంచి పైకి వచ్చినట్టు, నేలలోకి దిగిపోయినట్టు చూపించడానికి పెట్టినది. అది దిగే గోతిలోకి నాటక సంస్థ యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, రిహార్సలుకి ముందు రోజూ దిగి పట్టాలకి గ్రీజు రాసి వస్తాడు. ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. మొన్న ఆయన గోతిలో ఉండగానే లిఫ్టు దిగింది. వెన్ను నలిగింది. తలకి దెబ్బ తగిలింది. ప్రాణం ఉంది గానీ స్పృహ లేదు.

లిఫ్టు దింపడానికి ఒక పద్ధతి ఉంది. హాలు చివర గాజు గదిలో కూర్చునే మైకు మనిషి గోతిలోని స్పీకరులో మూడుసార్లు చెప్పాలి, "లిఫ్టు దిగుతోంది, పక్కకి రండి" అని. చెప్పాక పచ్చదీపం వెలిగించాలి. ఆ దీపం చూసి రంగస్థలం పక్కన నిలబడ్డ లిఫ్టు మనిషి మీట నొక్కుతాడు. మూడుసార్లూ చెప్పానని మైకు మనిషి అంటున్నాడు. దీపం వెలిగింది గానీ గొంతు వినపడలేదని లిఫ్టు మనిషి అంటున్నాడు. అంతకు వారం ముందే పెద్దాయన మైకు మనిషిని పదిమందిలో నిలబెట్టి తిట్టాడు.

"కావాలనే నోరు విప్పలేదు. కావాలనే దీపం వెలిగించాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కథ అయిపోయింది."

"నీ కథలు ఎప్పుడూ పొట్టివే," అన్నాడు నిదానం.

*

నిదానాన్ని పిలిపించింది మైకు మనిషి అక్క. ఆవిడ ఆ నాటకశాలలోనే వేషాలకి దుస్తులు కుడుతుంది. అతను వెళ్ళేసరికి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. బల్లమీద సగం దూది కూరిన తెల్లటి దిండు ఉంది. ఆవిడ తలెత్తి అతని మొహం చూడకుండా చొక్కా చూసింది.

"ఆ గుండీ ఊడేలా ఉంది అన్నయ్యా. ఇటు రండి."

"ఇప్పుడు గుండీ గొడవెందుకమ్మా?"

"చేతులు ఊరుకోవడం లేదు. ఏదో ఒకటి కుట్టకపోతే పిచ్చెక్కేట్టుంది."

మిషను మీదున్న దారం సూదిలోకి ఎక్కించబోయి ఆగింది. "ఇదొద్దు. అరవై నంబరు, మరీ సన్నం. జాకెట్టు అంచులకైతే సరిపోతుంది. గుండీ ఆగాలంటే ఇరవై ఉండాలి," అంటూ డబ్బాలోంచి లావాటి దారం ఉండ తీసింది. చొక్కా అతని వంటిమీద ఉండగానే కుట్టడం మొదలుపెట్టింది. సూది గుండె దగ్గర లోపలికీ బయటికీ తిరుగుతుంటే నిదానం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"నాలుగింటికి తీసుకుపోతాడట కదా?"

"అన్నాడు."

"ఈలోగా తేలుతుందా?"

"చూద్దాం."

"మీ 'చూద్దాం' వింటే నాకు కాళ్ళూ చేతులూ చల్లబడుతున్నాయి అన్నయ్యా." దారం పళ్ళతో కొరికింది. "సాయంత్రానికి పెద్దాయన కళ్ళు తెరవొచ్చని డాక్టరు చెప్పాడు. మాట్లాడొచ్చట."

"మంచిదేగా."

"ఏం మంచిది? కళ్ళు తెరిచి, నాకేమీ వినపడలేదు అన్నాడంటే? వాడి బతుకు అక్కడితో సరి. అమ్మ పోయాక వాణ్ణి ఈ చేతుల్తో పెంచాను. వాడు చీమని తొక్కాల్సి వస్తే అడుగు మార్చి వేసే రకం."

ఆవిడ వెనక గోడకి మేకు ఉంది. మేకుకి ఇస్త్రీ చేసిన మగవాళ్ళ చొక్కా ఒకటి వేలాడుతోంది. అది ఏ నాటకంలోదీ కాదు.

"ఎవరిదమ్మా?"

"మా ఆయనది. ఇక్కడే పనిచేసేవారు." దిండు ఒళ్ళోకి లాక్కుంది. "పోయి చాలా ఏళ్ళయింది."

ఆ మాట దగ్గర ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది. కానీ గడియారం తల మీద కూర్చుని ఉంది. నిదానం అడగలేదు.

"ఆసుపత్రి దిండు రాయిలా ఉందని నర్సు చెప్పింది," అంది ఆవిడ. "ఇది పట్టుకెళ్ళి ఇచ్చి వస్తాను. మీరు మా తమ్ముణ్ణి చూసుకోండి."

*

గాజు గది గుమ్మంలో ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. లోపల మైకు మనిషి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మూడు రోజులుగా నిద్ర లేని కళ్ళు.

"మొన్న ఏం చేశావో చెయ్యి. నాకు చెప్పద్దు, చూపించు," అన్నాడు నిదానం.

అతను మీట వేశాడు. మైకు దగ్గరికి వంగాడు. "లిఫ్టు దిగుతోంది, పక్కకి రండి." యాంప్లిఫయర్ మీద ముల్లు ఎగిరి పడింది. మూడుసార్లూ ఒకే ఎత్తు.

"ఈ ముల్లు ఏం చెబుతుంది?"

"నా గొంతు ఇక్కణ్ణించి ఎంత బలంగా బయల్దేరిందో చెబుతుంది సార్."

"అక్కడికి ఎంత బలంగా చేరిందో?"

మైకు మనిషి ముల్లు వైపు చూశాడు. "అది చెప్పదు."

"పొద్దున గోతిలోకి తొంగిచూశాను. స్పీకరు పాతది. దానికి వచ్చే వైరు కొత్తది. ఎవరు మార్చారు?"

"తెలీదు సార్."

నిదానం ఎదురుచూశాడు. మునిగిపోయేవాడికి అందించిన చెయ్యి లాంటి ప్రశ్న అది. వైరు మారిందా, ఎప్పుడు, ఎవరన్నారు అని ఎగిరి పట్టుకోవాలి. ఇతను గోళ్ళు చూసుకుంటున్నాడు.

"నువ్వు మార్చలేదా?"

"నేనెక్కడున్నాను సార్? జ్వరంతో ఆ నాలుగు రోజులూ ఇంట్లో పడుకునే ఉన్నాను."

"ఏ నాలుగు రోజులూ?"

మైకు మనిషి గోళ్ళ మీంచి చూపు ఎత్తాడు.

"వైరు ఎప్పుడు మారిందో నేను చెప్పలేదే," అన్నాడు నిదానం మెల్లగా. "నీకు తెలుసు. పెద్దాయన్ని ఎత్తడానికి గోతిలోకి దిగినప్పుడు చూశావు. చెయ్యి వేసి కూడా చూసి ఉంటావు. నిన్ను బయట పడేసే సాక్ష్యం నీ చేతికే దొరికింది. మూడు రోజులుగా దాన్ని ఎందుకు మింగి కూర్చున్నావు?"

"నన్ను తీసుకుపోనివ్వండి సార్." చేతులు జోడించాడు. "మీకు దణ్ణం పెడతాను, మీరింక వెతకొద్దు."

నిదానం చాలామంది ముద్దాయిలని చూశాడు. తప్పించమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళని చూశాడు. పట్టివ్వమని బతిమాలినవాణ్ణి ఇదే చూడటం.

*

గోతిలో టార్చి పట్టుకుని లిఫ్టు మనిషి ముందు నడిచాడు. లావుపాటి మనిషి, మెట్టు మెట్టుకీ ఆయాసపడుతున్నాడు. గ్రీజు డబ్బా ఇంకా పడిన చోటే బోర్లా ఉంది. మూలన చెక్క పెట్టెలో స్పీకరు. దానికి వచ్చే వైరు గోడ వెంబడి పైకి పోయి, హాలంతా చుట్టి, గాజు గదిలోకి చేరుతుంది.

"మీట దగ్గర నిలబడితే నీకు ఈ గొంతు వినపడేదా?"

"ముందైతే నా కాళ్ళ కింద నుంచి వచ్చేదండీ, చెప్పుల్లో గిలిగింతలు పెట్టినట్టు. ఈమధ్యే లేదు. మోటారు చప్పుడు పెరిగిందేమో అనుకున్నాను."

"ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"వినపడలేదు అనే వరకు చెప్పాను. తర్వాత చెప్పబోతే చాల్లే అన్నారు."

నిదానం వైరు చేత్తో పట్టుకున్నాడు. చూడటానికి వేలెడు లావు. కానీ పట్టుకుంటే బరువు లేదు. జేబులోంచి చిన్న కత్తి తీసి పైతొడుగు చీల్చాడు. తొడుగు చీలుతూనే ఉంది, తీగ తగలడం లేదు. చివరికి మధ్యలో దారప్పోగుల్లాంటి తీగలు రెండు బయటపడ్డాయి. రాగి రంగులో మెరుస్తున్నాయి. కత్తి మొనతో గీకితే రంగు పోయి తెల్లగా తేలింది.

"ఇదేమిటండీ? రాగి కాదా?"

"పైన రాగి పూత. లోపల అల్యూమినియం."

"అంటే వేషం వేసిందన్నమాట."

"నాటకశాలకి తగ్గ వైరే," అన్నాడు నిదానం. నవ్వు రాలేదు. స్పీకరు వెనక మర తుప్పు పట్టి వదులుగా ఉంది. కదిపితే గరగరమంది. "ఈ గరగర ఎప్పట్నించీ?"

"నెల రోజులుగా ఉందండీ. దాని గురించే మేనేజరుగారు ఏదో బాగు చేయించారు. పాత వైరు సామాన్ల గదిలో చుట్టి పడేశారు."

నిదానం మరని బిగించాడు. గరగర ఆగింది. అర నిమిషం పని.

"అసలు ఈ స్పీకరు ఎప్పుడు పెట్టారు?"

లిఫ్టు మనిషి పైకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కుట్టుపని అక్కగారి ఆయన పోయాక పెట్టారండీ. ఆయన ఇదే గోతిలో పట్టాలు బిగిస్తుంటే, చూడకుండా దింపమని పెద్దాయనే కేక వేశారు. తర్వాత, తాగి పడుకున్నాడు, నేనేం చెయ్యను అన్నారు. చుక్క ముట్టని మనిషి ఆయన. ఇంకెవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. అప్పట్నించీ పెద్దాయన గ్రీజు తనే రాసుకుంటారు. ఎందుకో మీరే ఊహించుకోండి."

నిదానానికి మేకుకి వేలాడే చొక్కా గుర్తొచ్చింది.

*

మూడుంపావుకి ఇన్‌స్పెక్టర్ గాజు గదిలోకి వచ్చాడు. నిదానం వైరు ముక్క అతని చేతిలో పెట్టాడు.

"వైరు దొరికిందా? భలే. హంతకుడి పేరు దీనిమీద రాసుందా గురువుగారూ?"

"మీ గొంతు ఇక్కడ కరెంటుగా మారి బయల్దేరుతుంది. లావాటి రాగి తీగైతే దాదాపు అంతా అవతలికి చేరుతుంది. తీగ సన్నబడేకొద్దీ లోపల అడ్డు పెరుగుతుంది. అల్యూమినియం అయితే ఇంకా ఎక్కువ అడ్డు. అక్కడ పలకాల్సిన బలం దారిలోనే వేడిగా ఖర్చయిపోతుంది. బారెడు వైరైతే తేడా తెలియదు. ఇది హాలంతా చుట్టి వచ్చింది. పొద్దున వైర్ల అంగడిలో గంటసేపు కూర్చుని ఇదంతా తెలుసుకున్నాను."

"పాఠం బాగుంది. జడ్జిగారికి బొమ్మ గీసి చూపిస్తారా?"

"నువ్వే గోతిలోకి దిగు. లిఫ్టుకి ఇనపచీలలు వేయించాను, దిగదు. మోటారు మాత్రం తిరుగుతుంది. నేనిక్కడ మాట్లాడతాను. నీకు వినపడితే నువ్వు గెలిచావు. మూడున్నరకే తీసుకుపో."

ఇన్‌స్పెక్టర్ పందెం అంటే వెనక్కి తగ్గే మనిషి కాదు. టోపీ సర్దుకుని దిగాడు. మోటారు ఉరిమింది. నిదానం మైకు దగ్గరికి వంగి మూడుసార్లు హెచ్చరిక చెప్పాడు. ముల్లు అంతే ఎత్తుకి ఎగిరింది. తర్వాత కాస్త ఆగి, అదే గొంతుతో ఇలా అన్నాడు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మీ ప్యాంటు వెనకాల సున్నం అంటుకుంది. పొద్దున్నించీ చూస్తున్నాను. పదిమందిలో చెబితే బాగుండదని ఊరుకున్నాను. చారెడంత ఉంది."

గుమ్మంలో పోలీసు మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి.

కాసేపటికి ఇన్‌స్పెక్టర్ విసుగ్గా పైకి వచ్చి రంగస్థలం మీంచి అరిచాడు. "ఇంకా మొదలుపెట్టరేం? నాకు వేరే పనుల్లేవనుకున్నారా?"

లిఫ్టు మనిషి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి దిగు," అని కేక వేశాడు నిదానం. ఈలోగా సామాన్ల గదిలోంచి తెచ్చిన పాత వైరుని హాల్లో కుర్చీల మధ్యనుంచి పరిచి ఇటు యాంప్లిఫయర్‌కీ అటు స్పీకరుకీ కలిపారు. బరువైన రాగి వైరు, ఇద్దరు మోయాల్సి వచ్చింది. మళ్ళీ మోటారు ఉరిమింది. నిదానం మళ్ళీ అవే మాటలు చెప్పాడు. ముల్లు మళ్ళీ అంతే ఎగిరింది, వెంట్రుక వాసి తేడా లేదు.

ఈసారి ఇన్‌స్పెక్టర్ వెంటనే పైకి వచ్చాడు. వెనక చేత్తో ప్యాంటు దులుపుకుంటూ వచ్చాడు.

పోలీసు ఇక ఆపుకోలేక బయటికి పరిగెత్తాడు.

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గాజు గదిలోకి వచ్చి. మొహం ఎర్రబడింది. "చెప్పాడనే అనుకుందాం. పెద్దాయనకి చేరలేదనే అనుకుందాం. ఆ వైరు మార్చింది వీడే అయితే? వైర్ల సంగతి వీడికి కాక ఎవరికి తెలుసు ఇక్కడ?"

మంచి ప్రశ్న. ఒకప్పుడు తను నేర్పిన ప్రశ్నే.

"మేనేజరుగారిని పిలుద్దాం," అన్నాడు నిదానం.

"వద్దు సార్," అన్నాడు మైకు మనిషి లేచి నిలబడి. "వద్దు. నేనే మార్చాను. రాసుకోండి."

*

మేనేజరు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. బక్కపల్చటి మనిషి. అడిగిందే తడవు గర్వంగా తలాడించాడు.

"వైరా? నేనే మార్పించాను. స్పీకరు గరగరమంటోందని పెద్దాయన రోజూ నా ప్రాణం తీసేవారు. మంచి వైరే వేయించాను సార్. పన్నెండో నంబరుది తీయించేసి ఇరవై నాలుగో నంబరుది వేయించాను. రెట్టింపు లావు!"

మైకు మనిషి కళ్ళు మూసుకున్నాడు.

"వైరు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందండీ," అన్నాడు నిదానం. "లావు కాదు."

"అదేమిటి? చెప్పుల నంబరు పెరిగితే చెప్పు పెద్దదవుతుంది కదా!"

"చెప్పులకి అంతే. వైరుకి ఇలా."

"మరి చూడటానికి అంత లావుగా..." మేనేజరు నిదానం చేతిలో ముక్క చూశాడు. అంత తొడుగులోంచి పైకి కనిపిస్తున్న రెండు పోగులు చూశాడు. చేత్తో కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. "అంటే పెద్దాయనకి... నావల్లనా?"

"ఆ నంబరు మీకు ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను," అన్నాడు మైకు మనిషి గట్టిగా. "ఇరవై నాలుగు వెయ్యమని నేనే చెప్పాను. అయిపోయింది కదా. పదండి ఇన్‌స్పెక్టర్‌గారూ."

మేనేజరు అయోమయంగా అతని వైపు చూశాడు. "నువ్వెక్కడ చెప్పావయ్యా? నువ్వు జ్వరంతో మూలుగుతూ ఇంట్లో పడుకుంటివి. నీకు ఫోను చేస్తే ఎత్తలేదు. పోనీ మీ నాన్నది మైకుసెట్ల అంగడి కదా, ఇంటి ఆడపిల్లకి ఆమాత్రం తెలీదా అని మీ అక్కనడిగాను. కుట్టుకుంటూ తలెత్తకుండానే చెప్పింది. 'పన్నెండుకి బదులు ఇరవై నాలుగు వెయ్యండి' అంది. 'రాగి అనక్కర్లేదు, నంబరు చెబితే చాలు, వాళ్ళే ఇస్తారు' అంది. ఇంత సాయం చేసిందని సంతోషించాను కూడా."

ఇన్‌స్పెక్టర్ ముందు తేరుకున్నాడు. "ఆడమనిషి. ఎప్పుడో చిన్నప్పుడు విన్నది తిరగేసి చెప్పి ఉంటుంది. ఈయన పొరపాటే ఆవిడా పడి ఉంటుంది."

అలా అయితే ఎంత బాగుండేది అనుకున్నాడు నిదానం. అతని చెయ్యి తెలియకుండానే చొక్కా గుండీ మీదికి పోయింది. గుండీ గట్టిగా ఉంది. అరవై నంబరు మరీ సన్నం, గుండీ ఆగాలంటే ఇరవై ఉండాలి.

దారానికీ అంతే. నంబరు పెరిగితే సన్నబడుతుంది. ఆ లెక్క ఆవిడకి పుట్టింట్లో వైర్లతో వచ్చింది, తర్వాత రోజూ దారాలతో చేతిలోనే ఉంది. ప్రపంచంలో ఇంకెవరైనా పొరబడొచ్చు గానీ ఆవిడ పొరబడదు. ఆవిడ గోతిలోకి దిగలేదు. మీట ముట్టుకోలేదు. ఒక అంకె చెప్పింది, అంతే. పెద్దాయన రోజూ గోతిలోకి దిగుతాడు. ఏదో ఒక రోజు లిఫ్టు కూడా దిగుతుంది. తన మొగుడికి అందని హెచ్చరిక ఆయనకీ అందకూడదు.

నేరం తమ్ముడి మెడకి చుట్టుకుంటుందని మాత్రం అనుకోలేదు. అందుకే నిదానాన్ని పిలిపించింది. నాసిరకం వైరు అని తేలితే చాలనుకుంది.

"నీకు ఎప్పుడు అర్థమైంది?" అని అడిగాడు నిదానం.

మైకు మనిషి కన్నీళ్ళు తుడుచుకోలేదు. "వైరు చేతికి తగలగానే సార్. ఈ నాటకశాలలో నంబర్ల సంగతి తెలిసింది మా ఇద్దరికే. ఆ ఇద్దరిలో ఇరవై నాలుగు అని చెప్పింది నేను కాదు. మా నాన్న అంగడిలో వైర్లు చుట్టడం నాకు నేర్పింది అక్కే." ఒక్కసారిగా నిదానం చెయ్యి పట్టుకున్నాడు. "అక్కనేం చెయ్యకండి సార్. ఇప్పుడు అక్కడ కూర్చుని ఏడుస్తూ ఉంటుంది. నేను జైలుకి పోతాను, నాకేం కాదు."

"ఎక్కడ కూర్చుని?"

"కుట్టుగదిలో."

"లేదు," అన్నాడు నిదానం. "ఆసుపత్రికి వెళ్ళింది. దిండు పట్టుకుని."

పెద్దాయన కళ్ళు తెరిచి నాకేమీ వినపడలేదు అన్నాడంటే వాడి బతుకు అక్కడితో సరి. ఆ మాట ఆవిడ అతని గుండీ కుడుతూనే చెప్పింది. అతను చూద్దాం అన్నాడు. ఆవిడకి ఇక్కడ పాత వైరు పరిచిన సంగతి తెలియదు. తమ్ముడు బయటపడిన సంగతి తెలియదు. నాలుగు గంటల సంగతి ఒక్కటే తెలుసు.

"వార్డు దగ్గర కాపలా ఎవరు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్‌ని.

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకుని మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ పోలీసు వైపు చూశాడు. ఆసుపత్రి నుంచి ఇటు పిలిపించిన కాపలా మనిషి అతనే.

తర్వాత నిదానం పరిగెత్తాడు. అతను పరిగెత్తడం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మేనేజరు గదిలో బల్లమీదున్న ఫోను తీసి వార్డు నంబరు తిప్పాడు. ఇన్‌స్పెక్టర్ జీపు తీయమని కేకలు పెడుతూ బయటికి ఉరికాడు. ఫోను మోగుతూనే ఉంది. మోగుతూనే ఉంది.

"హలో," అంది ఒక నర్సు గొంతు, ఎంతో దూరంనుంచి.

"పెద్దాయన ఎలా ఉన్నారు? నాటకాల పెద్దాయన! ఆయన దగ్గర ఎవరున్నారు?"

"ఆయనా? ఇందాకే కళ్ళు తెరిచారండీ. వాళ్ళ ఆడపడుచో ఎవరో వచ్చి ఉన్నారు, పాపం. ఆసుపత్రి దిండు గట్టిగా ఉందని మెత్తటి దిండు కుట్టి తెచ్చారు. చప్పుడుకి ఆయన నిద్ర పాడవుతుందని తలుపు వేసుకున్నారు."

"తలుపు తీయించండి! వెంటనే లోపలికి వెళ్ళండి! ఆ దిండు..."

"ఏమిటండీ?"

"తలుపు తీయండమ్మా!" నిదానం గొంతు పగిలేలా అరిచాడు. "ఆవిణ్ణి బయటికి పంపండి!"

లైనులో గరగర వినిపించింది. దాని వెనకాల నర్సు గొంతు ఇంకా సన్నబడింది.

"వినపడటం లేదండీ. ఇంకాస్త గట్టిగా చెప్పండి."